పదకొండు సెకన్ల అమ్మ

కొండాపూర్,
2 ఫిబ్రవరి 2025.

వాసంతక్కకి,

ఉత్తరం చూసి కంగారు పడకు. ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. ఫోన్లో చెబితే సగం విని, "సరేలేరా, కౌంటర్ దగ్గర జనం ఉన్నారు" అని పెట్టేస్తావు. పోస్టాఫీసులో పనిచేసే మనిషికి ఉత్తరం వస్తే చదవక తప్పదు కదా. నేను హాస్టల్లో ఉన్నప్పుడు నా చేత వారానికొకటి రాయించుకునేదానివి. ఆ అలవాటు ఇన్నాళ్ళకి పనికొచ్చింది.

సంగతి "పాలగుట్ట" గురించి. అప్పుడే నవ్వకు. మా గుంపు గురించి నీకు తెలుసు, ఆడని సినిమాల మీద ప్రాణం పెట్టుకున్న నలభైమందిమి. సోమవారం నుంచి శుక్రవారం దాకా ఎవరిదో సాఫ్ట్‌వేర్‌లో తప్పులు వెతుకుతాం, శని ఆదివారాలు పాత సినిమాల్లో తప్పులు దిద్దుతాం. సాగదీసిన చోట కత్తిరిస్తాం. కథలో ఖాళీ కనిపిస్తే మేమే కెమెరా పట్టుకెళ్ళి కొత్త సీన్లు తీసి, పాత రీలులా రంగు మార్చి అతికిస్తాం. అమ్ముకోం, ఎక్కడా పెట్టం. ఒక ఆదివారం అందరం కూర్చుని చూసుకుంటాం.

ఈసారి నా వంతు, నేను "పాలగుట్ట" తీసుకున్నాను. వారానికే థియేటర్లలోంచి వెళ్ళిపోయిన సినిమాని ఎందుకు తీసుకున్నావని సందీప్ అడిగాడు. కడపవాడు, ఆఫీసులో నా పక్క సీటు, మా గుంపులో రంగులన్నీ వాడే చూస్తాడు. "అందులో మా అమ్మ ఉంది" అన్నాను.

గుట్టల్లో దారి తప్పిన సర్వేయర్‌కి దాహం వేస్తుంది. బిందె ఎత్తుకుని ఒకావిడ వస్తుంది, అతని దోసిట్లో నీళ్ళు పోస్తుంది, కొంచెం నవ్వి వెళ్ళిపోతుంది. పదకొండు సెకన్లు. నాకు రెండేళ్ళప్పుడు అమ్మ పోయింది, ఉన్న ఫొటోలు తొంభై ఆరు తుఫానులో కొట్టుకుపోయాయి. అమ్మ హైదరాబాద్‌లో పెళ్ళికెళ్ళి, అక్కడ షూటింగు చూడబోతే వాళ్ళే బిందె చేతికిచ్చి నడవమన్నారని నువ్వు చెప్పకపోయి ఉంటే నాకు ఈ పదకొండు సెకన్లు కూడా లేవు. అందుకని నువ్వెన్ని తిట్టినా పడతాను.

నా వెర్షన్‌లో ఆవిడ మళ్ళీ వస్తుంది. చివర్లో సర్వేయర్ ఊరు వదిలి వెళ్ళేటప్పుడు సాగనంపడానికి ఒక్కరూ రారు కదా, అక్కడ. మొహం చూపించను. వెనకనుంచి, చేతులు మాత్రం. నీ మరదలు రసజ్ఞే వేస్తుంది. "జాగ్రత్తగా వెళ్ళిరా నాన్నా" అని ఒక్క మాట ఉంటుంది. ఆ గొంతు నీది కావాలి. నీ గొంతు అచ్చం అమ్మదేనని పిన్ని అనేది.

ఇంకోటి. సందీప్ ఆ సీను బాగా శుభ్రం చేశాడు. ఇప్పుడు ఎడమ చేతి మీద పచ్చబొట్టు కనిపిస్తోంది, కాళ్ళకి లావుపాటి వెండి కడియాలు. అమ్మకి పచ్చబొట్టు ఉండేదా? నువ్వెప్పుడూ చెప్పలేదే? ఆ సీనులోంచే కొత్త ఫొటో వేయించి హాల్లో పెట్టి, కొత్త గంధపు దండ వేశాను. పదహారేళ్ళప్పుడు ఇదే సీనులోంచి చేయించిన పాత ఫొటోకంటే ఎంత బాగుందో, నువ్వొచ్చి చూడాలి.

జవాబు రాయి.

నీ రవి

*

ముమ్మిడివరం,
11 ఫిబ్రవరి.

ఒరేయ్ రవీ,

నీ కవరు మీద నేనే ముద్ర కొట్టుకున్నాను. ముప్ఫై నాలుగేళ్ళు వచ్చాయి, దస్తూరి మాత్రం ఇప్పటికీ కోడి కెలికినట్టే ఉంది.

మేం కులాసా. మీ బావగారు కొత్త కళ్ళజోడు పెట్టించుకుని, ఇంట్లో దుమ్మంతా ఇప్పుడే కనిపిస్తోందంటున్నారు. పాతదే నయం.

పచ్చబొట్టు ఉండేదనుకుంటాను. చిన్నప్పుడు కోటిపల్లి తీర్థంలో పొడిపించుకున్నానని అమ్మ అంటూండేది. కడియాలంటావా, షూటింగువాళ్ళు ఇచ్చి ఉంటారు. బిందె ఇచ్చినవాళ్ళు కడియాలు ఇవ్వరా ఏమిటి? ఇలాంటివన్నీ భూతద్దం పెట్టి చూడటం దేనికి?

రసజ్ఞ చేత అత్తగారి వేషం కట్టిస్తున్నావా! ఆ పిల్ల మంచిది కాబట్టి సరిపోయింది. నేనైతే ఆ బిందె నీ నెత్తిన బోర్లించేదాన్ని.

గొంతు సంగతి వదిలెయ్. కౌంటర్లో అరిచి అరిచి నా గొంతు కాకిలా తయారైంది. పిన్నికి నా మీద ప్రేమ, ఏదో అనేది.

నా మాటగా ఒకటి చెబుతాను, కోపం తెచ్చుకోకు. ఉన్నదాన్ని ఉన్నట్టు ఉండనివ్వరాదా? ఆ సీను ఇన్నేళ్ళూ నీకు సరిపోయింది కదా. కావాలంటే వేరే సినిమా తీసుకుని దిద్దుకో, బోలెడున్నాయి. రసజ్ఞకి ఆవకాయ పంపిస్తున్నాను, సీసా ఎండలో పెట్టకు.

అక్క

*

కొండాపూర్,
9 మార్చి.

అక్కా,

ఆవకాయ అందింది. నీ సలహా కూడా అందింది, ఆవకాయ మాత్రం వాడుకుంటున్నాం.

కిందటి ఆదివారం పొద్దున్నే ఖాజాగూడ రాళ్ళ దగ్గర షూటింగు పెట్టుకున్నాం. రసజ్ఞకి ఎర్ర అంచు నేత చీర కట్టించాం. చేతి మీద పచ్చబొట్టు సందీప్ కాటుక పెన్సిలుతో వేశాడు, సినిమా ఆపుకుని ఒక్కొక్క చుక్కా లెక్కపెట్టి మరీ వేశాడు. "నడక కొంచెం నిదానంగా, అమ్మ అలా నడవదు" అని నేను పదిసార్లు అన్నానట. పదకొండోసారి రసజ్ఞ బిందె కింద పెట్టేసింది. "నీకు అమ్మ కావాలా, షాట్ కావాలా? ముందు అది తేల్చుకో" అంది. సందీప్ కెమెరా కట్టేసి దూరంగా వెళ్ళి నీళ్ళు తాగాడు. తర్వాత తనే బిందె ఎత్తుకుని నడిచింది. ఆ నడక బాగా వచ్చింది అక్కా. వెనకనుంచి చూస్తూ నాకు ఏడుపొచ్చింది, అందరి ముందూ.

మొన్న అమ్మ తద్దినం పెట్టాను. నాన్న గుర్తొచ్చారు. టీవీలో ఆ సీను వచ్చినప్పుడల్లా నాన్న లేచి అరుగు మీదికి వెళ్ళిపోయేవారు, గుర్తుందా? నాన్నకి అమ్మంటే పట్టదు కాబోలని చిన్నప్పుడు కోపం వచ్చేది. చూడలేక వెళ్ళేవారని ఇప్పుడు అర్థమవుతోంది. ఆయన ఉండగా ఒక్కసారైనా పక్కన కూర్చోబెట్టుకుని అడగాల్సింది.

ఒక ఇబ్బంది వచ్చింది. మేం తీసిన రాళ్ళు పాత సీనుతో కలవడం లేదు. అందులో వెనకాల మధ్యకి చీలిన పెద్ద బండ ఉంటుంది. అలాంటిది ఖాజాగూడలో దొరకలేదు. ఆ సినిమా నానక్‌రామ్‌గూడ దగ్గర తీశారని మా గుంపులో ఒకతను కనుక్కున్నాడు. చూడు విచిత్రం, మా ఆఫీసు అక్కడే! ఎనిమిదో అంతస్తులో కూర్చుంటే పాత ఊరు కిటికీలోంచి కనిపిస్తుంది, మిగిలిన నాలుగు వీధులూ, రెండు గుట్టలూ. అమ్మ నడిచిన చోట ఏడేళ్ళుగా ఉద్యోగం చేస్తున్నాను, నాకే తెలీదు. వీలు చూసుకుని వెళ్ళి ఆ బండ వెతుకుతాను.

గొంతు పంపించు. బతిమాలుతున్నాను. ఇంకెవరి గొంతు పెట్టినా అది సినిమా అవుతుంది గానీ అమ్మ అవదు.

రవి

*

ముమ్మిడివరం,
18 మార్చి.

రవీ,

గొంతు నీ ఫోనుకి పంపాను. ఆఫీసు మూసేశాక, స్టాంపుల అల్మరా పక్కన నిలబడి తొమ్మిదిసార్లు చెప్పాను. అన్నీ పంపాను. నీకు నచ్చింది పెట్టుకో. ఇంకోసారి చెప్పమని మాత్రం అడక్కు.

నాకు మాటివ్వు. ఆ ఊరు వెళ్ళకు. ఆ బండ ఎప్పుడో పగలగొట్టేసి ఉంటారు. ఏ రాయి ముందు నిలబెడితే ఏం, ఎవరు చూడొచ్చారు? ఎందుకూ అని అడక్కు. పెద్దదాన్ని, నా మాట ఒక్కటి విను.

ఇన్నేళ్ళలో నిన్ను ఇంతగా ఎప్పుడైనా అడిగానా?

అక్క

*

కొండాపూర్,
6 ఏప్రిల్.

అక్కా,

నీ మాట వినలేదు. వెళ్ళాను.

జరిగింది జరిగినట్టు రాస్తాను. నిన్న షేర్ ఆటోలో నానక్‌రామ్‌గూడ వెళ్ళాను. డ్రైవరు పక్కన కూర్చుని ఫోన్లో ఆ సీను ఆపి పెట్టుకుని, బయట గుట్టల కేసీ ఫోను కేసీ చూస్తున్నాను. డ్రైవరు ఓరగా చూశాడు. ఆటో పక్కకి తీసి ఆపేశాడు.

"సార్, జర ఫోనియ్యి. గీ బొమ్మ యాడిది?"

"సినిమాలోది. ఎందుకు?"

"అరె, గిది మా అవ్వ! పచ్చబొట్టు సూడు. మా అవ్వనే సార్."

అతని పేరు ఎల్లేశం. నేను నవ్వాను. పొరపడ్డావయ్యా, ఈవిడ మా అమ్మ, పోయి ముప్ఫై ఏళ్ళు దాటింది అన్నాను. ఆటోలో ఉన్నవాళ్ళని దింపేసి నన్ను వాళ్ళింటికి తీసుకెళ్ళాడు. పెద్ద పెద్ద మేడల వెనక రెండు గదుల ఇల్లు. గడప దగ్గర కూర్చుని చింతపండు పిక్కలు తీస్తోంది ఒక ముసలావిడ. డెబ్బై ఉంటాయేమో. ఎడమ చేతి మీద పచ్చబొట్టు ఉంది. సందీప్ చుక్కలు లెక్కపెట్టి వేశాడని రాశాను కదా. అవే చుక్కలు.

ఆవిడ ఎదురుగా నేల మీదే కూర్చున్నాను. నా నోట్లోంచి "అమ్మా" అని వచ్చింది.

ఆవిడ పిక్క తీయడం ఆపి నా మొహంలోకి చూసింది. "ఎవలి కొడుకువు బిడ్డా?" అంది.

ఆవిడ పేరు పోచమ్మ. "గప్పుడు గీడ అన్ని గుట్టలే ఉండె. సినిమోల్లు వచ్చిండ్రు. గాయనకు నీళ్ళు పొయ్యమన్నరు, పోసిన. ఏడు పార్లు పోయించిండ్రు, బిందె ఒడిసిపాయె. గంతే" అని చెప్పింది. ఆ సినిమా ఎప్పుడూ చూడలేదట. ఫోన్లో చూపించాను. "గిది నేనేనా? మంచిగనే ఉంటి గదా" అని నవ్వింది. అదే నవ్వు అక్కా. నాకు తెలియని నవ్వా అది? కొన్ని వేలసార్లు చూసి ఉంటాను.

ఇంటికొచ్చి చెప్పులైనా విప్పకుండా హాల్లో ఫొటోకి ఉన్న దండ తీసేశాను. ఏది నిజమైనా ఆ దండ తప్పే కదా. పదహారేళ్ళ వయసులో మొదటి ఫొటో చేయించాను. పద్దెనిమిదేళ్ళుగా బతికున్న మనిషికి దండ వేసి, తద్దినం పెట్టి దణ్ణం పెడుతున్నాను.

రెండే జరిగి ఉండాలి. సినిమాలో ఉన్నది అమ్మ కాకపోవాలి. లేదా అమ్మ చనిపోలేదు, మనల్ని వదిలి ఇక్కడికొచ్చి పోచమ్మ అయింది. రెండోది పిచ్చి అని నాకు తెలుసు. ఆవిడ మాట, ఆవిడ యాస, ఆవిడ కొడుకు, అన్నీ కళ్ళముందున్నాయి. అయినా తిరిగొచ్చేటప్పుడు ఆటోలో నేను కోరుకున్నది రెండోదే. మనల్ని వదిలేసి పోయినా ఫర్వాలేదు, బతికుంటే చాలని కోరుకున్నాను.

నువ్వెందుకు వెళ్ళొద్దన్నావు? నీకేం తెలుసు? ఫోను చేయకు, ఎత్తను. రాయి.

రవి

*

ముమ్మిడివరం,
12 ఏప్రిల్.

రవీ,

అమ్మ చనిపోయింది. ఆ ఒక్కటీ అబద్ధం కాదు నాన్నా. తొంభై మూడులో పచ్చకామెర్లు వచ్చి పోయింది. నేను చూశాను. అరచేతులు పసుపు పూసినట్టున్నాయి. నువ్వు పిన్ని చంకలో బిస్కెట్టు తింటున్నావు. ఇక ఆ ఆశ పెట్టుకోకు.

సినిమాలో ఉన్నది అమ్మ కాదు. చెప్పింది నేను. నాన్న కాదు, పిన్ని కాదు, నేనే.

నీకప్పుడు ఏడేళ్ళు, నాకు పద్నాలుగు. రెండో తరగతిలో మీ టీచరు అందరినీ అమ్మ బొమ్మ వేసుకు రమ్మంది. నువ్వు గుండ్రంగా మొహం గీసి, జడ వేసి, బొట్టు పెట్టి, కళ్ళూ ముక్కూ నోరూ లేకుండా తీసుకెళ్ళావు. ఎలా ఉంటాయో తెలీదని వదిలేశానన్నావట. క్లాసంతా నవ్వారు. ఇంటికొచ్చి, అమ్మ ఎలా ఉండేదో చెప్పమని మూడు రోజులు నా వెంట పడ్డావు. "చక్కగా ఉండేదిరా" అంటే, "చక్కగా అంటే ఎవరిలా?" అనేవాడివి. పిన్నిలాగా అంటే కాదనేవాడివి, ఎందుకంటే పిన్ని నీకు పిన్ని.

ఆ ఆదివారం మధ్యాహ్నం టీవీలో ఆ సినిమా వచ్చింది. నా ఒళ్ళో తల పెట్టుకుని పడుకున్నావు. ఆవిడ వచ్చింది, నీళ్ళు పోసింది, నవ్వింది. ఆ నవ్వు అమ్మదిలా అనిపించింది. "అమ్మ ఇలాగే ఉండేదిరా" అన్నాను. అంతవరకు నేను అబద్ధమాడలేదు. నువ్వు గబుక్కున లేచి కూర్చుని, "ఈవిడేనా? ఈవిడే అమ్మా?" అన్నావు. నీ మొహం ఎలా వెలిగిపోయిందో నీకు తెలీదు. కాదు అనడానికి నాకు నోరు రాలేదు. "ఆఁ, ఈవిడే" అన్నాను.

ఆ తర్వాత ఒకదానికి ఇంకొకటి. అమ్మ అక్కడికెలా వెళ్ళిందన్నావు. ఎనభై తొమ్మిదిలో పెద్దమ్మ వాళ్ళింట్లో పెళ్ళికి అమ్మ నిజంగానే హైదరాబాద్ వెళ్ళి పదిరోజులుంది. దానికి షూటింగు కలిపాను. చీర ఏదన్నావు, అదీ చెప్పాను. ఇంత వయసొచ్చాక, మొన్న ఫిబ్రవరిలో పచ్చబొట్టు కూడా పొడిపించాను. అమ్మ చేతి మీద పచ్చబొట్టు లేదు. సూదంటేనే భయపడేది.

నాన్నకి తెలుసు. నువ్వు పదహారేళ్ళప్పుడు మొదటి ఫొటో చేయించి పటం కట్టించి తెచ్చినరోజు నాన్న దాన్ని చాలాసేపు చూశారు. "బాగా వచ్చిందిరా" అన్నారు. తనే మేకు కొట్టి తగిలించారు. తర్వాత వంటింట్లోకొచ్చి, "నువ్వు మొదలుపెట్టావు, నువ్వే చెప్పాలి. నావల్ల కాదమ్మా" అన్నారు. అమ్మని చూడలేక అరుగు మీదికి వెళ్ళేవారని రాశావు. ఎవరినో చూపించి అమ్మ అని నువ్వు మురిసిపోతుంటే చూడలేక వెళ్ళేవారు.

చెబుదామని చాలాసార్లు అనుకున్నాను. నీ పదో తరగతి అయ్యాక అనుకున్నాను, ఉద్యోగం వచ్చాక అనుకున్నాను, పెళ్ళయ్యాక అనుకున్నాను. నాన్న పోయినప్పుడు చెప్పేదాన్నే. కర్మలన్నీ అయ్యాక నువ్వు ఆ ఫొటో పక్కనే నాన్న ఫొటో పెట్టి, "ఇద్దరూ కలిశారక్కా" అన్నావు. నేను వంటింట్లోకి వెళ్ళిపోయాను.

క్షమించమని అడగను. అడిగే మొహం లేదు. నిన్ను ఏడిపించకూడదని చేశాను, అది మాత్రం నమ్ము.

అక్క

*

కొండాపూర్,
25 మే.

వాసంతి గారికి,

మీ ఉత్తరం ఏప్రిల్‌లోనే అందింది. జవాబు రాయాలనిపించలేదు.

సినిమా పూర్తయింది. నలభైమందిమీ చూశాం. రసజ్ఞ మీద తీసిన షాట్ తీసేశాను, మీ గొంతూ తీసేశాను. చివర్లో సర్వేయర్ ఒక్కడే వెళ్ళిపోతాడు, మొదట తీసినవాళ్ళు ఎలా తీశారో అలాగే. "ఇంతోటిదానికి మూడు నెలలా?" అన్నారు.

పోచమ్మగారి దగ్గరికి మళ్ళీ వెళ్ళాను. చేసిన తప్పు ఆవిడకి చెప్పకుండా ఉండలేకపోయాను. ఫొటో సంగతి, దండ సంగతి, తద్దినం సంగతి అన్నీ చెప్పాను. తిడుతుందనుకున్నాను. ఎల్లేశం మొహం ఎర్రబడింది గానీ ఆవిడ నవ్వింది.

"దండేస్తె సస్తనా బిడ్డా? ఇన్నేండ్లేస్తివి, ఉన్న గదా" అంది. తర్వాత నవ్వు ఆపేసి, "గని మీ అమ్మకు పెట్టేటి బువ్వ నాకు పెడితివి. పాపం గామె ఏం తిన్నదో" అంది.

ఆ మాట దగ్గరే ఆగిపోయాను. ఆఫీసులో, ఇంట్లో, ఎక్కడున్నా అదే వినిపిస్తోంది. అమ్మ పేరు రాజరాజేశ్వరి. నా నోటితో నేను ప్రతి ఏడూ ఆ పేరే చదివి, పిండం ఇంకొకరి మొహానికి చూపించాను. మంత్రంలో పేరు చెబితే చాలు, అది చేరుతుందని పురోహితుడు చెప్పాడు. నాకు నమ్మకం కుదరడం లేదు.

గోడ మీద మేకు ఖాళీగా ఉంది. ఫొటో పోచమ్మగారికి ఇచ్చేశాను. ఆవిడది ఆవిడకి చేరింది.

ఇప్పుడు నాకు ఏమీ లేదు. ఏడేళ్ళప్పుడు కళ్ళూ ముక్కూ లేకుండా గీసిన బొమ్మ దగ్గరికే తిరిగొచ్చాను. ఆ రోజు మీరు కాదని చెప్పి ఉంటే నెల్లాళ్ళు ఏడ్చి ఊరుకునేవాణ్ణి. పిన్ని ఉండేది, నాన్న ఉండేవారు, అడిగితే తలా ఒక ముక్క చెప్పేవారు. వాళ్ళు బతికుండగా నేను ఎవరినీ ఒక్క మాటా అడగలేదు. నా దగ్గర అమ్మ ఉందిగా అని అడగలేదు. మీరు నాకు చేసింది ఇది.

సందీప్‌కి బొమ్మలు గీయడం వచ్చు. చూసినవాళ్ళు చెబితే మొహం గీస్తానన్నాడు. చూసినవాళ్ళలో పెద్దమ్మతో సహా అందరూ పోయారు, ఇప్పుడు మిగిలింది మీరొక్కరే. అమ్మ పోయేటప్పటికి మీకు తొమ్మిదేళ్ళు, తెలిసిన వయసే. నుదురు ఎంత వెడల్పు, కళ్ళు ఎలాంటివి, ముక్కు, పెదాలు, గడ్డం, మీరు చూసింది చూసినట్టు రాయండి. నా కోసం ఏదీ కలపొద్దు. ఏదీ అందంగా చేయొద్దు.

ఉన్నది ఉన్నట్టు రాయి అక్కా. ఇంకేం అడగను.

రవికిరణ్

*

ముమ్మిడివరం,
8 జూన్.

రవీ,

నీ ఉత్తరంలో ఆఖరి పంక్తి ఒక్కటే నాకు రాశావు. మిగతాదంతా ఎవరో పెద్దమనిషికి రాసినట్టుంది. అయినా అంతా చదివాను, అంతా నిజమే.

పదిరోజులుగా రాయడానికి కూర్చుంటున్నాను. సెలవు పెట్టి కూర్చున్నాను. మీ బావగారు, "ఏం రాస్తున్నావు, వీలునామానా?" అన్నారు. ముందు ఖాయంగా తెలిసినవి రాస్తాను.

అమ్మ నాకు జడ వేసేటప్పుడు కళ్ళు పైకి లాగుకుపోయేంత బిగించేది, కదిలితే దువ్వెనతో భుజం మీద కొట్టేది. ఎడమచేతి చిటికెనవేలు కొంచెం వంకర, తలుపు సందులో పడి నలిగింది. కొబ్బరికాయ కొట్టి నీళ్ళు ఎవరికీ ఇవ్వకుండా గుమ్మంలోనే తాగేసేది. నాన్న ఆలస్యంగా వస్తే మాట్లాడేది కాదు, కంచం మాత్రం ఠపీమని పెట్టేది. నిన్ను "బుల్లోడా" అని పిలిచేది. నీళ్ళు పోసి తుడిచేటప్పుడు నీ పొట్ట మీద మూతి పెట్టి ఊదేది, నువ్వు కిలకిలా నవ్వేవాడివి. ఇవన్నీ నేను చూసినవే. ఒక్కటీ కలపలేదు.

ఇక మొహం.

నుదురు దగ్గర మొదలుపెట్టాను. రెండు వాక్యాలు రాశాక అనుమానం వచ్చి, నీ దగ్గర్నుంచి వచ్చిన సినిమా ఫోన్లో పెట్టుకుని చూశాను. నేను రాసింది పోచమ్మగారి నుదురు. కాగితం చింపేశాను. కళ్ళు మూసుకుని జడ వేసే అమ్మని తలుచుకున్నాను. చేతులు వస్తున్నాయి, దువ్వెన వస్తోంది, తల తిప్పి చూస్తే పోచమ్మగారు. కంచం పెట్టేది పోచమ్మగారు. నీ పొట్ట మీద ఊదేది పోచమ్మగారు. పాడె మీద పసుపు చేతులతో పడుకున్నది కూడా ఆవిడే.

ఎప్పుడు జరిగిందో నాకు తెలీదు రవీ. నువ్వు అడిగినప్పుడల్లా ఆ సీను చూపించి, "అదిగో అమ్మ" అన్నాను. వందలసార్లు అని ఉంటాను. నువ్వు నమ్మాలని చెప్పాను, చెప్పిన నేనూ నమ్మేశాను. మీరు సినిమాలకి చేసే పని నేను పద్నాలుగేళ్ళప్పుడే చేశాను. నీకు లేనిచోట ఒక మొహం అతికించాను, అది నాకున్న మొహం మీద కూడా అతుక్కుపోయింది. కింద ఉన్నది చెరిగిపోయింది. ఆ రోజు "నవ్వు అమ్మదిలా అనిపించింది" అని రాశాను కదా, అదైనా నిజమో కాదో ఇప్పుడు చెప్పలేను. పోల్చుకోవడానికి నా దగ్గర ఏమీ లేదు.

నిన్ను దోచుకున్నాననే కదా నువ్వు రాసింది. దోచుకున్నాను. నన్ను కూడా దోచుకున్నానని నీ ఉత్తరం వచ్చేదాకా నాకు తెలీలేదు. ఇన్నేళ్ళూ నా దగ్గర అమ్మ భద్రంగా ఉందనుకున్నాను. నువ్వే పాపం తెలీనివాడివని నీ మీద జాలిపడ్డాను.

సందీప్‌కి చెప్పు, నేను చెప్పలేనని. ఊహించి రాసిస్తే గీస్తాడు, నువ్వు సంతోషిస్తావు. అది మళ్ళీ మొదటికొస్తుంది. నేను ఇక కలపను.

ఒకటి అడుగుతాను. వద్దంటే మానేస్తాను. వచ్చే శనివారం నేను హైదరాబాద్ బస్సెక్కుతాను. నీ ఇంటికి రమ్మని అనక్కర్లేదు, మియాపూర్‌లో దిగి అక్కడే ఉంటాను. నన్ను ఒక్కసారి నానక్‌రామ్‌గూడ తీసుకెళ్ళు. ఆవిడతో ఏమీ మాట్లాడను, దగ్గరికి కూడా వెళ్ళను. ఎదురుగా ఎక్కడైనా ఆటోలో కూర్చుని చూసి వచ్చేస్తాను. ఆవిడ ఎవరో, ఏ ఊరో, ఎవరి తల్లో అన్నీ నాకు తెలుసు. తెలిసే అడుగుతున్నాను.

నాకు అమ్మని చూడాలని ఉందిరా.

వాసంతి